ఆకాశం పక్కన నాన్న పీట

వాంకూవర్,
24 సెప్టెంబర్ 2023

అక్కా,

బీజింగ్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు. ఫోన్ చేద్దామనుకుని ఆగాను. ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషానికి అరుచుకుంటాం కాబట్టి ఎప్పటిలాగే కాగితం మీదే.

మా స్టూడియో చేస్తున్న కొత్త గేమ్ కోసం అక్కడి ఆకాశ మందిరాన్ని కంప్యూటర్‌లో రాయి రాయిగా కట్టాలి. అందుకే నన్ను రెండు వారాలు పంపారు. పాతికేళ్లుగా తెర మీద కోటలూ గుళ్లూ కడుతున్నాను కానీ ఇలాంటిది చూడలేదు. దక్షిణం వైపు ప్రహరీ చదరం, ఉత్తరం వైపు గుండ్రం. భూమి చదరం, ఆకాశం గుండ్రం అని వాళ్ల లెక్క. లోపల మూడంతస్తుల రాతి వేదిక ఒకటుంది. దానికి కప్పు లేదు, గోడల్లేవు, విగ్రహం లేదు. నడిమధ్య ఒక గుండ్రటి రాయి, దాని చుట్టూ తొమ్మిది పలకలు, వాటి చుట్టూ పద్దెనిమిది, ఆపైన ఇరవై ఏడు. తొమ్మిదేసి చొప్పున పెరుగుతూ పోతాయి. తొమ్మిది ఆకాశపు సంఖ్యట. ఏడాదిలో అతి పొట్టి పగలు వచ్చే డిసెంబర్ రోజున చక్రవర్తి, మూడు రోజుల ఉపవాసం తర్వాత, ఆ వేదిక ఎక్కి మోకరిల్లేవాడు. ఉత్తరాన ఆకాశం పేరు రాసిన పలక. దానికి అటూ ఇటూ చక్రవర్తి తాతముత్తాతల పేర్ల పలకలు. ఆకాశం పక్కన పీట దొరికేది వాళ్లకే.

అసలు సంగతి ఇది. ఆ వేదిక కట్టించినవాడు జియాజింగ్ చక్రవర్తి. పెదనాన్న కొడుకు వారసుడు లేకుండా పోతే ఇతన్ని తెచ్చి కూర్చోబెట్టారు. మంత్రులు ఏమన్నారో తెలుసా? 'నువ్వు మీ పెదనాన్నకి దత్తు వెళ్లినట్టు లెక్క. ఇకమీదట ఆయన్ని నాన్న అనాలి, కన్నతండ్రిని బాబాయి అనాలి.' అప్పటికి అతనికి పదమూడేళ్లక్కా. గైడ్ అమ్మాయి ఆ మాట అనగానే నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. 1984లో పెదనాన్న నన్ను దత్తు తీసుకుని రేపల్లె నుంచి ఈ కెనడాకి, విండ్సర్‌కి తెచ్చుకున్నప్పుడు నాకూ పదమూడే. విమానం ఎక్కకముందే నాకు నేర్పిన పాఠం కూడా అదే.

ఆయన ఎలా ఉన్నారు? పెద్దమ్మ పోయినప్పటి నుంచి నేను ఆయనతో మాట్లాడలేదని నీకు తెలుసు. మాట్లాడాలంటే ముందు పిలవాలి కదా. ఆ పిలుపు ఇక నా నోట రాదు.

నీ తమ్ముడు,
రామం

—

విండ్సర్,
3 అక్టోబర్ 2023

ఒరేయ్ రామం,

ఉత్తరం చేరింది. చదివాను. ఒళ్లు మండింది.

తొమ్మిది పలకలు, పద్దెనిమిది పలకలు అని నాకు ఎక్కం అప్పజెప్పావు. ఆ పలకలు మోసి చచ్చినవాళ్ల ఎక్కం ఏదిరా? చక్రవర్తి ఊరేగింపు ఆ గుడికి వెళ్తుంటే దారి పొడుగునా జనం తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపల కూర్చోవాలి. దేవుడి దగ్గరికి వెళ్లేవాణ్ణి చూడటం కూడా నేరమే. అందరి పంటల కోసం, అందరి వానల కోసం చేసే పూజట, అందరూ కళ్లు మూసుకోవాలట! దాదాపు ఐదు వందల ఏళ్లు ఆ ఊరి మామూలు మనిషి లోపల అడుగు పెట్టలేదు. 1900లో ఎనిమిది దేశాల సైన్యాలు ఊరిని కొల్లగొట్టినప్పుడు మాత్రం తెల్లవాళ్లు గుర్రాలతో సహా దిగారు. వాళ్ల వెనక తుపాకులు మోసిన మన దేశపు సిపాయిలూ దిగారు. 1918లో పార్కు చేశాక గానీ ఆ ఊరివాళ్లకి దారి దొరకలేదు. ఇప్పుడక్కడ, బలి సామగ్రి మోసుకెళ్లిన పొడుగాటి వసారాలో, రిటైరైన ముసలాళ్లు కూర్చుని పేకాడుకుంటారు. ఆ గుడి చరిత్రలో నాకు పవిత్రంగా తోచిన సంగతి అదొక్కటే. నీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

ఇక పెదనాన్న. ఎనభై ఏడు వచ్చాయి. గుండె పావువంతే పనిచేస్తోందంటున్నారు కేర్ హోమ్ వాళ్లు. నేను ప్రతి ఆదివారం వెళ్తున్నాను. సేవ చేయడానికని అనుకోకు, పోట్లాడటానికి. ఆయనకీ అదే కావాలి. వెళ్లగానే మొదలుపెడతారు.

"ఏవమ్మా ఝాన్సీ, ఈ వారం నీ కాలమ్‌లో ఎవర్ని తిట్టావ్?"

"మిమ్మల్నే."

"పేరు పెట్టావా?"

"లేదు."

"మరి నాకేం లాభం? యజ్ఞనారాయణ, రిటైర్డ్ కార్డియాలజిస్ట్, విండ్సర్ అని వెయ్యి. పాత పేషెంట్లు నలుగురు చదువుతారు."

నవ్వు వచ్చింది. వచ్చినందుకు నామీద నాకే కోపం వచ్చింది. మన నాన్న బడి మానేసి బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా చేరింది ఈయన మెడిసిన్ చదవడానికి. ఈయన ఇక్కడ పెద్ద డాక్టరై, పిల్లలు లేరని, ఆ టైమ్‌కీపర్ కొడుకుని అడిగి తెచ్చుకున్నారు. తెచ్చుకుంటే తెచ్చుకున్నారు, పిలుపు కూడా లాక్కోవాలా? ఆ లెక్క ఇంకా తేలలేదు. తేలకుండా ఆయన్ని పోనివ్వను.

"రామం వస్తాడా?" అని అడిగారు. "కనుక్కుంటా" అన్నాను. కనుక్కుంటున్నాను.

మీ అక్క,
ఝాన్సీ

—

వాంకూవర్,
14 అక్టోబర్ 2023

అక్కా,

పేకాట ముసలాళ్లని చూశాను. చూడటమేంటి, ఒకాయన నా చెయ్యి పట్టి లాగి నాలుగో ఆటగాడిగా కూర్చోబెట్టి చిత్తుగా ఓడించాడు కూడా. రాయలేదంతే. నువ్వు తీర్పు ముందు రాసుకుని తర్వాత సాక్ష్యం వెతుక్కుంటావు.

మిగతా కథ విను. ఆ పదమూడేళ్ల కుర్రాడు మంత్రుల మాట వినలేదు. మూడేళ్లు నలిగింది. 1524లో రెండు వందల మందికి పైగా అధికారులు కోట గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పెద్దపెట్టున ఏడ్చారు. పెదనాన్ననే నాన్న అనాలని వాళ్ల పట్టు. అతను వాళ్లని పట్టించి కర్రలతో కొట్టించాడు. పదహారో పదిహేడో మంది పోయారు. ఆ తర్వాత, ఒక్కరోజు కూడా పాలించని తండ్రికి చక్రవర్తి బిరుదు ఇచ్చాడు. అంతకుముందు ఆకాశానికీ భూమికీ కలిపి ఒకేచోట జరిగే పూజని విడదీసి, ఆకాశానికి విడిగా ఆ గుండ్రటి వేదిక కట్టించాడు. ఆఖరికి పాత మండపం తీయించేసి అదే చోట మూడు కప్పుల గుండ్రటి మండపం లేపాడు. ఆకాశం పలక పక్కన తండ్రి పలక పెట్టి పూజ చేయాలని! పోస్టుకార్డుల మీద కనిపించే నీలి కప్పు మండపం ఉంది చూడు, దాని మొదటి రూపం అది. లోపల ఇరవై ఎనిమిది స్తంభాలు. మధ్యలో నాలుగు రుతువులకి నాలుగు, చుట్టూ నెలలకి పన్నెండు, ఆ బయట రోజులోని పన్నెండు భాగాలకి పన్నెండు. ఒక్కో స్తంభం మోడల్ చేస్తూ అనుకుంటాను, నాన్నని బాబాయి అనమన్నవాళ్లకి జవాబంటే ఇలా ఉండాలి అని.

నాకు కర్రలు లేవు. ఒక మాట ఉంది. ఆయన బతికుండగా, ఎదురుగా నిలబడి, "పెదనాన్నా" అని పిలవాలి. ముప్పై తొమ్మిదేళ్లు నోట్లో నొక్కిపెట్టుకున్న మాట. ఆయన పోయాక ఫొటో ముందు అంటే దేనికి? ఆయన వినాలి. విన్నప్పుడు ఆ మొహం ఎలా మారుతుందో నేను చూడాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

నువ్వు నా వైపే ఉన్నావుగా?

రామం

—

విండ్సర్,
25 అక్టోబర్ 2023

రామం,

నీ వైపు ఉన్నానో లేదో తర్వాత చెప్తాను. ముందు నీ హీరో సంగతి తేలుద్దాం.

నువ్వు రాసినవన్నీ నేనూ లైబ్రరీకి పోయి చదివాను. కాలేజీలో పాతికమందికి చరిత్ర చెప్పి బతికేదాన్ని, నాకు గైడ్ అమ్మాయి చాలదు. ఒక పిలుపు కోసం పదిహేడు మందిని కొట్టి చంపినవాడు తండ్రి మీద ప్రేమతో చంపాడంటావు. పిలుపు లాక్కున్నవాళ్ల మీద కోపం నాకు అర్థమవుతుంది. అందరి గొంతులూ మూయించి తన గొంతు ఒక్కటే మిగుల్చుకోవడం అర్థం కాదు. నీ గైడ్ చెప్పని సంగతి ఒకటి చెప్పనా? 1542లో అంతఃపురంలో పనిచేసే పదహారు మంది ఆడపిల్లలు వాడు పడుకుని ఉండగా పట్టు తాడు మెడకి వేసి లాగారు. ఎంత నరకం చూపించి ఉంటే అంతమంది ఏకమవుతారు? ముడి తప్పు పడింది. తాడు బిగుసుకోలేదు. వాడు బతికాడు. ఆ పిల్లల్ని ముక్కలుగా కోయించారు. నీకు పదమూడేళ్ల రాజు మీద జాలి, నాకు ముడి తప్పు వేసిన ఆ పిల్ల మీద జాలి. అదీ మనిద్దరికీ తేడా.

పైగా అంత కష్టపడి నాన్నకి వేయించిన పీట ఏమైంది? వాడు పోగానే సొంత కొడుకే ఆ పూజ ఎత్తేయించాడు. ఆ మండపం సైతం 1889లో పిడుగు పడి బూడిదైంది. ఇప్పుడున్నది మళ్లీ కట్టింది. దుంగలు అమెరికా పడమటి తీరం నుంచి వెళ్లాయంటారు, అంటే మీ వాంకూవర్ చెట్లకి దాయాదులే.

ఇంత తిట్టాక చెప్తున్నాను, నీ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. ఆ మాట ఆయన వినాల్సిందే. మొన్న ఆదివారం నేను అడిగాను.

"నాన్న మీకు కొడుకునిచ్చాడు. చాలక, వాడి నోట్లోంచి నాన్న అనే పిలుపు కూడా ఎందుకు తీసుకున్నారు?"

"పిలుపులో ఏముందమ్మా?"

"ఏం లేకపోతే ఆయనకే వదిలేయొచ్చుగా?"

నా చేతి సంచి ముందుకి లాక్కుని లోపల వెతికారు. తర్వాత "కారప్పొడి తెచ్చావా, లేక ఉత్త ప్రశ్నలేనా?" అన్నారు.

చలికాలం దాటడం కష్టమని డాక్టర్ అంటోంది. రావాలంటే ఇప్పుడే రా. నవంబర్ మొదటివారం అయితే మరీ మంచిది. డెట్రాయిట్‌లో దిగినా సరే, బ్రిడ్జి దాటి వచ్చి నేను పికప్ చేసుకుంటాను.

ఝాన్సీ

—

వాంకూవర్,
6 నవంబర్ 2023

అక్కా,

నవంబర్‌లో కుదరదు. డిసెంబర్ 15కి మా డెలివరీ ఉంది. నిజం చెప్పాలంటే అదొక్కటే కారణం కాదు. డిసెంబర్ 21న వస్తాను. అతి పొట్టి పగలు అదే, చక్రవర్తి వేదిక ఎక్కే రోజు. 18 నుంచి మూడు రోజులు ఉపవాసం ఉంటాను. నవ్వుకో. అక్కడి ఉపవాస మందిరం ముందు ఒక కంచు మనిషి ఉండేవాడు, నిష్ఠ తప్పకు అని రాసిన పలక చేత్తో పట్టుకుని. నాకు కంచు మనిషివి నువ్వే.

నేనొక పలక చేయించాను. ఇక్కడి సెడార్ చెక్క. నీలం రంగు మీద బంగారు అక్షరాలతో నాన్న పేరు, తెలుగులో. నేను అక్షరాల గీతలు గీసి ఇస్తే ఒక ముసలి చైనా వడ్రంగి చెక్కాడు. ఒక్క అక్షరం తెలియకుండానే వీరభద్రం అని ఎంత ముచ్చటగా చెక్కాడో. దాన్ని ఆయన బల్ల మీద పెట్టి, "పెదనాన్నా, ఇదుగో మా నాన్న" అంటాను. ఏడాదిలో ఏదో ఒక రోజున వెళ్లి అనేసి రావడం నాకు ఇష్టం లేదు. ఆ రోజే అనాలి.

ఆస్పత్రి కాగితాల్లో ఆయన తరఫున నిర్ణయాలన్నిటికీ నీ పేరే ఉండనీ. నేను ఇంత దూరంలో ఉండి చేసేదేముంది?

నువ్వు నన్ను ఆ రాజుతో పోల్చి తిట్టావు కానీ, 2009లో నాకు జరిగింది మరిచిపోయావు. నాన్న పోయిన రోజున దత్తు వెళ్లినవాడికి కన్నతండ్రి మైల మూడు రోజులేనని పెదనాన్నే ఇక్కడి పురోహితుడితో నాకు చెప్పించారు. నాలుగో రోజు నేను ఆఫీస్‌కి వెళ్లాను. తలమీద జుట్టు కూడా అలాగే ఉంది. అక్కడ రేపల్లెలో చిన్నతాత మనవడు శ్రీరామ్ వచ్చి నిప్పు పెట్టాడు. నా చోటు అది, అక్కా. నా చోట్లో ఇంకెవరో నిలబడ్డారు. అదొక్కటి చాలు ఆయన్ని క్షమించకపోవడానికి.

రామం

—

విండ్సర్,
15 నవంబర్ 2023

కోదండరామ్,

నీ చోటా?

పద్నాలుగేళ్లు ఎదురుచూశాను, ఆ రోజు గురించి నువ్వే ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుతావని. ఎత్తావు. ఎత్తి, 'నా చోటు' అన్నావు. సరే, నీకు తెలిసినంత వరకూ నువ్వు రాశావు. నాకు తెలిసింది నేను రాస్తాను.

మే నెల. రేపల్లె ఇంటి వసారాలో నాన్న చాప మీద ఉన్నారు. ఆఖరి ఎనిమిది నెలలు ఆయన్ని లేపి కూర్చోబెట్టింది, తుడిచింది, తినిపించింది నేను. పురోహితుడు అడిగాడు, "కొడుకు దత్తు వెళ్లిపోయె, ఎవరు చేస్తారు మరి?" నేను చేస్తానన్నాను. ఆ మంత్రాల మీద నమ్మకం ఉండి కాదు, అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. ఆ మనిషిని ఆఖరిసారి సాగనంపే చేతులు నావి కావాలని. ఆ బ్రాహ్మడు మంచివాడు. "శాస్త్రానికేం, సర్దుకుందాం. ఒక్కసారి మీ తమ్ముడు గార్ని కూడా అడిగేస్తే సరి" అన్నాడు. ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు. వసారాలో ముప్పైమంది ఉన్నారు. నీ గొంతు వచ్చింది.

"అక్కా? అబ్బే, వద్దండీ, బాగోదు. ఊళ్లో నవ్వుతారు. శ్రీరామ్ ఉన్నాడుగా, చేయించేయండి."

అంతే. పది సెకన్లు. ముప్పైమందీ నావైపు చూసి మొహాలు తిప్పుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. కిటికీలోంచి చూశాను. శ్రీరామ్ మధ్యలో సెల్ మోగితే కుండ కింద దించి, మాట్లాడి, మళ్లీ ఎత్తుకున్నాడు.

ఆ రోజు పెదనాన్న నీకు మూడు రోజుల లెక్క చెప్పించి ఉండొచ్చు. అది మీ ఇద్దరి గొడవ. నన్ను పక్కకి నెట్టింది మాత్రం ఆయన కాదు, నువ్వు. శ్రీరామ్ నిలబడింది నీ చోట్లో కాదు, నా చోట్లో. పిలుపు పోయిందని నలభై ఏళ్లుగా నువ్వు ఏడుస్తున్నావు. నాన్నని చచ్చేదాకా నాన్న అని పిలిచిన మనిషి ఒకతి ఉంది కదా, దానికి ఆకాశం పక్కన కాదు, పాడె పక్కన నిలబడే అర్హత కూడా లేదా?

నీ చైనా రాజులు వందల ఏళ్లు వేదిక మీద పలకలు పేర్చారు. ప్రతి పలకా తండ్రో, తాతో. కూతుళ్లు ఎక్కడ పోయారని ఒక్కడూ అడగలేదు. నువ్వూ అడగలేదు. అసలు నీకు తట్టనే లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. 'అన్నాను, గుర్తుంది' అని రాయి. క్షమాపణ అడగను. ఆ ఒక్క వాక్యం చాలు.

ఝాన్సీ

—

వాంకూవర్,
24 నవంబర్ 2023

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజంగా నాకు గుర్తు లేదు. ఆ రోజు ఎవరితో ఏం మాట్లాడానో ఏమీ గుర్తు లేదు. ఒకవేళ అలా అని ఉంటే నిన్ను కాపాడటానికే అని ఉంటాను. ఆ ఊరి జనం నోళ్లు నీకు తెలియనివి కావు.

ఇంకోటి, తప్పుగా తీసుకోకు. నువ్వు వీటిని నమ్మవు. కర్మకాండల మీద ఎన్ని వ్యాసాలు రాశావు! నమ్మని పూజలో చోటు కోసం పద్నాలుగేళ్లు కోపం మోయడం ఏమిటి? నీ మాటల్లోనే చెప్పాలంటే అది పురుషుల ఆట. దాంట్లో నీకు కుర్చీ ఎందుకు?

దయచేసి ఇప్పుడు దీన్ని పెద్దది చేయకు. ఇది నాకూ ఆయనకీ మధ్య విషయం. అది ముగిశాక మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. ఆయన పరిస్థితి ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి. తొందరపడాలంటే చెప్పు, టికెట్ మార్చుకుంటాను. డెలివరీ పోతే పోయింది.

రామం

—

విండ్సర్,
1 డిసెంబర్ 2023

రామం,

ఉత్తరం అందింది. గుర్తు లేదన్నావు. సరే.

పెదనాన్న బాగానే ఉన్నారు. ఇడ్లీ తింటున్నారు. టికెట్ మార్చకు. నీ పని పూర్తి చేసుకుని, నువ్వు అనుకున్న ఇరవై ఒకటినే రా. తొందరేం లేదు.

ఝాన్సీలక్ష్మి

—

వాంకూవర్,
7 డిసెంబర్ 2023

అక్కా,

బతికించావు. వారం రోజులుగా గుండె దడగా ఉంది, నువ్వు కోపంలో ఏం రాస్తావో అని. ఇంత తిట్టుకుని కూడా ఉన్నమాట చెప్పావు చూడు, నీ మనసు పెద్దది.

మోడల్ దాదాపు అయిపోయింది. నిన్న వేదిక మీద ఎండ పెట్టి చూశాను. అతి పొట్టి పగలు నాటి ఎండ ఆ రాళ్ల మీద ఎంత వాలుగా పడుతుందో! ఆ వెలుగులో నడిమి రాయి మీద కెమెరా పెట్టి, ఒక్కణ్ణే గదిలో కూర్చుని, "పెదనాన్నా" అని పైకే అన్నాను. నోరు తిరగలేదు. రెండోసారికి వచ్చింది. రోజూ ప్రాక్టీస్ చేస్తున్నాను. రూప తలుపు సందులోంచి చూసి "డాడ్, హూ ఆర్ యూ టాకింగ్ టూ?" అంది. దానికి ఇద్దరు తాతలని మాత్రమే తెలుసు, ఎవరు ఏ తాతో తెలియదు.

పలకని బబుల్ ర్యాప్‌లో చుట్టి హ్యాండ్ బ్యాగేజ్‌లో పెట్టాను. 21న మధ్యాహ్నం మూడింటికల్లా నీ దగ్గర ఉంటాను. ఆయనకి ముందే చెప్పకు. అకస్మాత్తుగా వినాలి.

నీ తమ్ముడు,
రామం

—

విండ్సర్,
12 డిసెంబర్ 2023

కోదండరామ్,

పెదనాన్న డిసెంబర్ 8, శుక్రవారం పొద్దున పదింటికి పోయారు. నిన్న దహనం అయిపోయింది. ఇంటికి వచ్చేసరికి నీ ఉత్తరం బాక్సులో ఉంది.

వరసగా చెప్తాను. నవంబర్ 30న డాక్టర్ నన్ను పక్కకి పిలిచి వారం, మహా అయితే పది రోజులు అంది. మర్నాడు నేను నీకు 'తొందరేం లేదు' అని రాశాను. తెలిసే రాశాను. పొరపాటు అనుకుని నన్ను కాపాడే ప్రయత్నం చేయకు, నీకు అలవాటు కదా అది.

ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపులోంచి నువ్వెప్పుడో బయటికి వెళ్లిపోయావు. అందుకే నీకు ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్లతో తమ్ముడికి చెప్పానన్నాను. ఇదుగో, చెప్తున్నాను.

క్రిమటోరియంలో వెంకటేశ్వర రావు అంకుల్ నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"కొడుకు లేకుండా ఎలాగమ్మా? రెండ్రోజులు ఆగలేమా? నువ్వు ఆడపిల్లవి..."

"ఆ కొలిమి బటన్‌కి ఆడా మగా తెలీదు అంకుల్."

"అది కాదమ్మా, జనం..."

"జనం నవ్వితే మీరు కూడా నవ్వండి. నేను ఏమీ అనుకోను."

ఎవరూ నవ్వలేదు. నేనే బటన్ నొక్కాను. మంత్రాలు లేవు. తెలిసినవాళ్లు నలుగురు మాట్లాడారు. నన్నూ మాట్లాడమంటే నిలబడి, వీరభద్రం గారి కూతుర్ని, మా నాన్నకి చేయనివ్వని పని వాళ్లన్నకి చేశాను అని చెప్పి కూర్చున్నాను. నమ్మని పూజలో కుర్చీ ఎందుకని అడిగావు. కుర్చీ లాగేసినవాడే ఆ ప్రశ్న అడగగలడు. నా వ్యాసాలన్నీ నా ముందు వేసి చదివినా సరే, నా జవాబు మారదు. పూజ అబద్ధమే. అవమానం అబద్ధం కాదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉండొచ్చు, నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ నువ్వు చదవాలి. చదివేటప్పుడు నీ మొహం నేను చూడలేను, అదొక్కటే లోటు.

బుధవారం మధ్యాహ్నం ఆయనకి బాగా తెలివి వచ్చింది. ఆక్సిజన్ గొట్టం తీయమని సైగ చేశారు. "రామం ఎప్పుడొస్తాడు?" అన్నారు. నేను మీ ఇద్దరి మీదా ఉన్న కసి అంతా కూడదీసుకుని చెప్పాను.

"ఇరవై ఒకటిన వస్తాడు పెదనాన్నా. మిమ్మల్ని చూడటానికి కాదు. ఎదురుగా నిలబడి పెదనాన్నా అని పిలవడానికి. ముప్పై తొమ్మిదేళ్ల నుంచి దాచుకున్నాడట."

ఆ మొహం పగిలిపోతుందనుకున్నాను. అందుకే చెప్పాను. పగల్లేదు.

"వాడు నన్ను నాన్నా అన్నప్పుడల్లా," అన్నారు, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ, "నా వెనకాల వీరభద్రం నిలబడ్డాడేమో అనిపించేది. తిరిగి చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా అది నాకు అందలేదమ్మా. ఆ పెదనాన్నా అన్న మాటే అనమను. అదైతే నాదే. ఇరవై ఒకటి దాకా నేనుండను. ఫోన్ కలుపు, వింటాను."

ఫోన్ నా చేతిలో ఉంది. నీ పేరు తెర మీదకి తెచ్చాను. చెవి దగ్గర పెట్టుకున్నాను. నొక్కలేదు.

"మోగుతోందా?" అన్నారు.

"మోగుతోంది. ఎత్తడం లేదు."

"ఇంకోసారి చెయ్యి."

ఇంకోసారి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన నావైపే చూస్తున్నారు.

"పనిలో ఉండుంటాడులే," అని ఆయనే నాకు సర్దిచెప్పి, గొట్టం మళ్లీ పెట్టమన్నారు.

ఝాన్సీలక్ష్మి,
వీరభద్రం గారి పెద్ద సంతానం